ఏడు తీగల ఎలక్ట్రిక్ గిటారు చేయించుకునేటప్పుడు ఏది ముందు, ఏది వెనుక

ఏడు తీగల గిటారును సొంత కొలతలతో చేయించుకోదలచినవారిలో చాలామంది మొదట పికప్‌ల (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగాల) పేర్లూ, పైపూత రంగూ, మేపుల్ పలక మీది చారల అందమూ చూసుకుంటారు. బాడీ మీద తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి సంగతి తయారీదారు అడిగినప్పుడు మాత్రమే ఆలోచిస్తారు. ఈ వరస తలకిందులుగా ఉంది. నచ్చని పికప్‌ను ఒక సాయంత్రంలో మార్చుకోవచ్చు. ట్యూనర్లను, అంటే తీగలను బిగించే మరలను, ఒక స్క్రూడ్రైవరు, ఒక చిన్న పానా ఉంటే ఇంట్లోనే విప్పి బిగించుకోవచ్చు. స్కేలు పొడవు, నెక్ వెడల్పు, బ్రిడ్జి కోసం బాడీలో తొలిచే గుంట మాత్రం ఒకసారి కోత పడ్డాక వెనక్కి తీసుకోలేనివి. కాబట్టి ఆలోచనలోనూ, డబ్బులోనూ ఎక్కువ పాలు ఈ మూడింటికే కేటాయించాలి.

ఏడో తీగ దేనికి?

అదనపు తీగ నిన్నమొన్నటి ఆలోచన కాదు. అమెరికాలో జార్జ్ వాన్ ఎప్స్ అనే జాజ్ వాద్యకారుడు 1930ల చివరలోనే ఎపిఫోన్ సంస్థ చేత ఏడు తీగల గిటారు చేయించుకుని, ఏడో తీగను కింది ‘ఎ’ స్వరానికి శ్రుతి చేసి, పాట నడకతో పాటు బాస్ నడకను కూడా తానే వాయించేవాడు. రాక్ సంగీతంలోకి ఈ వాద్యం గట్టిగా వచ్చింది, అమెరికా గిటారిస్టు స్టీవ్ వాయ్ కోసం జపాను సంస్థ ఐబనెజ్ 1990లో విడుదల చేసిన యూనివర్స్ నమూనాతో. 1994లో తొలి ఆల్బం తెచ్చిన అమెరికా మెటల్ బృందం కార్న్ అవే గిటార్లను మరో స్వరం కిందికి దించి, ఏడో తీగను ‘ఎ’లో ఉంచి వాయించింది. వాన్ ఎప్స్‌కు ఆ తీగ ప్రతి స్వరమూ విడివిడిగా, స్వచ్ఛంగా వినిపించాలి. మెటల్ వాయించేవారికి అది డిస్టార్షన్‌లో, అరచేతితో అదిమి కొట్టినప్పుడు కూడా బిగువుగా నిలవాలి. ఈ రెండు అవసరాలకు ఒకే గిటారు సరిపోదు, కనుక మీ అవసరం ఏమిటో ముందు తేల్చుకోవాలి.

మామూలు శ్రుతిలో ఏడు తీగలు లావు వైపు నుంచి బి, ఇ, ఎ, డి, జి, బి, ఇ అని ఉంటాయి. ఏడో తీగ ‘బి’ సుమారు 61.7 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఆరు తీగల గిటారులో అన్నిటికన్నా కిందిదైన ‘ఇ’ 82.4 హెర్ట్జ్. తీగ బిగువు పౌనఃపున్యపు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, అదే తీగను ‘బి’ నుంచి ‘ఎ’కు, అంటే 55 హెర్ట్జ్‌కు దించితే బిగువులో అయిదో వంతు పోతుంది. పోయిన బిగువును తిరిగి తెచ్చుకోవాలంటే 0.056 అంగుళాల తీగ స్థానంలో దాదాపు 0.063 అంగుళాల తీగ వేయాలి. ఈ ఒక్క లెక్క మొత్తం గిటారును కదిలిస్తుంది: లావు తీగకు నట్‌లో (నెక్ తల దగ్గర తీగలు ఆనే ముక్కలో) వెడల్పైన గాడి, ట్యూనర్‌లో పెద్ద రంధ్రం, బ్రిడ్జి మీద వెనక్కి జరగడానికి ఎక్కువ చోటు కావాలి. అందుకే ఆర్డరులో మొదటి వాక్యం ‘నేను ఈ శ్రుతిలో, ఈ మందం తీగలతో వాయిస్తాను’ అన్నదే కావాలి. చాలా ఆర్డరు పత్రాలలో ఈ గడే ఉండదు. ఉన్నా ‘స్టాండర్డ్’ అని రాసి వదిలేస్తారు.

స్కేలు పొడవు

నట్ నుంచి బ్రిడ్జి దాకా మోగే తీగ పొడవే స్కేలు. ఏడు తీగల గిటార్లలో 25.5, 26.5, 27 అంగుళాలు ఎక్కువగా కనిపిస్తాయి, మి.మీ.లలో ఇవి వరుసగా సుమారు 648, 673, 686. బిగువు పొడవు వర్గాన్ని కూడా అనుసరిస్తుంది. 25.5 నుంచి 26.5కు పోతే అదే తీగకు అదే శ్రుతిలో 8 శాతం, 27కు పోతే 12 శాతం బిగువు పెరుగుతుంది. లెక్కగా చూస్తే, 0.056 అంగుళాల నికెల్ చుట్టు తీగ ‘బి’లో 25.5 అంగుళాల మీద దాదాపు 6.7 కిలోల బిగువుతో ఉంటే, 27 అంగుళాల మీద 7.5 కిలోలకు చేరుతుంది. 10-46 సెట్టులోని (0.010 నుంచి 0.046 అంగుళాల మందం ఉన్న ఆరు తీగలలోని) ఆరో తీగ 25.5 అంగుళాల మీద 7.9 కిలోల దగ్గర ఉంటుంది గనుక, ఆరు తీగల మీద చేయి తిరిగినవారికి పొడవు స్కేలు మీది ఏడో తీగే పరిచయమైనదిగా తోస్తుంది.

అయితే పెరిగేది ఏడో తీగ బిగువు ఒక్కటే కాదు. సన్న తీగలు కూడా అదే 12 శాతం బిగుస్తాయి, బెండ్లు (తీగను పక్కకు తోసి స్వరం పెంచడం) బరువవుతాయి. 10 గేజి అలవాటైనవారు 27 అంగుళాల మీద మొదటి తీగను 9కి దించుకోవడం మామూలే. నెక్ మీది అడ్డ లోహపు కడ్డీలైన ఫ్రెట్ల మధ్య దూరం కూడా పెరుగుతుంది. నట్ నుంచి నాలుగో ఫ్రెట్ దాకా 648 మి.మీ. స్కేలులో సుమారు 134 మి.మీ. అయితే, 686లో అది 141 దాటుతుంది. చిన్న చేతులవారికి, మొదటి ఫ్రెట్ల దగ్గర వెడల్పు కార్డులు ఎక్కువగా పట్టేవారికి ఈ ఏడెనిమిది మి.మీ. తేడా రోజూ తెలుస్తుంది. నా మట్టుకు ‘బి’ శ్రుతికి 26.5, ‘ఎ’కు 27 సిఫారసు చేస్తాను, జాజ్, ఫ్యూజన్ స్వచ్ఛ స్వరం కోసమైతే 25.5 చాలు.

ఈ తగవును తీర్చడానికే మల్టీస్కేలు వచ్చింది: లావు తీగలకు పొడవు, సన్న తీగలకు పొట్టి, మధ్యలో ఫ్రెట్లు విసనకర్రలా విచ్చుకుంటాయి. పదహారో శతాబ్దపు ఇంగ్లండులోని ఓర్ఫేరియన్ వాద్యంలోనే ఏటవాలు ఫ్రెట్లు ఉండేవి. ఎలక్ట్రిక్ గిటార్లకు ఈ పద్ధతి మీద రాల్ఫ్ నోవాక్ 1989లో పేటెంటు పొందారు. ఇక్కడ తేల్చుకోవలసింది నిటారు ఫ్రెట్ ఎక్కడ ఉండాలన్నది. 25.5 నుంచి 27 దాకా విచ్చుకున్న గిటారులో మొత్తం తేడా 38 మి.మీ. నిటారు ఫ్రెట్‌ను ఏడో స్థానంలో పెడితే బ్రిడ్జి 25 మి.మీ., నట్ 13 మి.మీ. వాలుతాయి, పన్నెండులో పెడితే రెండూ సమానంగా 19 మి.మీ. చొప్పున వాలుతాయి. మొదటి ఫ్రెట్ల దగ్గర కార్డులు పట్టేవారికి ఏడు సుఖం. పామ్ మ్యూటింగ్ (అరచేతితో తీగలను అదిమి వాయించడం) రోజంతా చేసేవారికి బ్రిడ్జి వాలు తక్కువైన పన్నెండు వైపే మణికట్టు మొగ్గుతుంది. ట్రెమొలో బ్రిడ్జి (బార్‌తో ఊపి శ్రుతిని కదిలించేది) కావాలనుకునేవారు మాత్రం మల్టీస్కేలు జోలికి పోకపోవడమే మేలు. అలాంటివి దొరకడమే అరుదు, దొరికినా ధర బరువుగా ఉంటుంది.

నెక్

ఏడు తీగల గిటారుకు నట్ వెడల్పు ఎక్కువగా 48 మి.మీ. దగ్గర ఉంటుంది, ఆరు తీగలకు 42, 43 ఉంటుంది. తీగ అంచుకు, ఫ్రెట్‌బోర్డు అంచుకు మధ్య రెండు వైపులా కనీసం 3 మి.మీ. వదలమని రాయండి. ఆ చోటు తగ్గితే మొదటి తీగ మీద విబ్రాటో చేసినప్పుడల్లా అది అంచు దాటి జారిపోతుంది, దానికి తరువాత చేయగలిగేది దాదాపు ఏమీ లేదు. ఫ్రెట్‌బోర్డు వంపు 16 నుంచి 20 అంగుళాల వ్యాసార్ధంలో ఉంటే వెడల్పు నెక్ మీద తీగలు తక్కువ ఎత్తులో బాగా కూర్చుంటాయి.

నెక్ సన్నగా ఉండాలని అందరూ కోరుకుంటారు. ఏడు తీగల బిగువు మోసే పొడవు నెక్ మరీ సన్నబడితే ఋతువు మారినప్పుడల్లా వంగుతుంది. మూడు లేక అయిదు ముక్కలుగా అతికిన మేపుల్, వాల్‌నట్ లేదా వెంగే, లోపల నెక్ వంపును రెండు వైపులా సర్దగల ట్రస్ రాడ్ అనే కడ్డీ, దానికి ఇరువైపులా కార్బన్ ఫైబర్ కడ్డీలు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. వేసవిలో పొడిబారి, వానాకాలంలో తేమ పీల్చే మన తెలంగాణ ఇళ్లలో, ఏడాది పొడవునా ఉక్కబోసే కోస్తా ఊళ్లలో ఇది అవసరమే. గాలి బాగా పొడిబారితే ఫ్రెట్‌బోర్డు చెక్క ముడుచుకుని ఫ్రెట్ల చివరలు అంచున వేలికి గుచ్చుకుంటాయి. అందుకని ఫ్రెట్ చివరలను గుండ్రంగా రుద్దమని ముందే అడగడం మంచిది. చుట్టు తీగల కింద త్వరగా అరగని స్టెయిన్‌లెస్ ఉక్కు ఫ్రెట్లకు అదనంగా పెట్టే డబ్బు వృథా కాదు.

బ్రిడ్జి

అసలు విషయం ఇక్కడుంది. ఎంపికలు స్థూలంగా నాలుగు: కదలని బ్రిడ్జి, తీగకొక్కటిగా విడి బ్రిడ్జిలు, తేలే ట్రెమొలో, స్ప్రింగులతో శ్రుతిని తానే నిలిపే ఎవర్‌ట్యూన్.

కదలని బ్రిడ్జి, అంటే హిప్‌షాట్ వంటి సంస్థలు చేసే పలక లాంటిది, తీగలను బాడీ వెనుక నుంచి గుచ్చి తెచ్చేది, చాలామందికి సరైన ఎంపిక. శ్రుతి మార్చడం క్షణాల పని, పాడయ్యే భాగాలు తక్కువ, తొలిచే చెక్క తక్కువ. దీనిలో చూడవలసింది శాడిల్, అంటే బ్రిడ్జి మీద తీగ ఆనే చిన్న దిమ్మ, ఎంత దూరం వెనక్కి జరగగలదన్నది. తీగ లావయ్యేకొద్దీ అది బిరుసుగా ఉండి, స్కేలు లెక్క చెప్పిన చోటు కన్నా కొన్ని మి.మీ. వెనక్కి శాడిల్‌ను లాగితే గాని పన్నెండో ఫ్రెట్ మీది స్వరం ఖాళీ తీగ స్వరానికి సరిగ్గా రెట్టింపు కాదు. ఏడో తీగ శాడిల్ స్క్రూ చివరిదాకా తిరిగి, స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోయి, ఇంకా శ్రుతి చూపే మీటరు ముల్లు కుడివైపే (స్వరం పైకి ఉన్నట్టు) నిలిచి ఉందంటే బ్రిడ్జిని రెండు మూడు మి.మీ. ముందుగా బిగించారని అర్థం. ఆ స్ప్రింగును తీసివేయడమో, సగానికి కోయడమో చేసి మరో రెండు మి.మీ. సంపాదించుకోవచ్చు గాని, కొత్త గిటారు మీద ఆ అవసరం రాకూడదు. తయారీదారుకు ‘ఏడో తీగ శాడిల్ ఈ మందం తీగతో శ్రుతి కుదిరాక కూడా వెనుక 2 మి.మీ. మిగలాలి’ అని రాసి ఇస్తే ఆయన బ్రిడ్జి చోటును ఆ లెక్కతో గుర్తు పెట్టుకుంటాడు.

మల్టీస్కేలుకు తీగకొక్కటి చొప్పున విడి బ్రిడ్జిలు, ఎ.బి.ఎం. వంటివి, చక్కగా అమరుతాయి. కోణమూ, తీగల మధ్య దూరమూ మీ ఇష్టం. పది, పదకొండు మి.మీ. మధ్య ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఒక్క చిక్కు ఉంది. పాసివ్ (బ్యాటరీ అక్కర్లేని) పికప్‌లు ఉన్న గిటారులో తీగలన్నిటికీ ఎర్త్ తగలాలి, విడి బ్రిడ్జిలలో ప్రతిదానికీ విడిగా తగలాలి. ఒకదానికి ఎర్త్ వైరు సోల్డరు చేసి మిగతావాటిని మరిచిపోతే, ఎర్త్ లేని తీగలను ముట్టుకున్నప్పుడు హమ్ తగ్గదు. ఏడింటి కిందా ఒకే రాగి పట్టీ పరిచి దానికి ఎర్త్ వైరు కలపమని అడగండి. అయిదు నిమిషాల పని, బిగించాక చేయాలంటే సగం గిటారు విప్పాలి.

ట్రెమొలో కావలసినవారికి ఫ్లాయిడ్ రోజ్ తరహా రెండు వైపులా తాళం వేసే బ్రిడ్జి ఇంకా ముందే ఉంది. దాని మూల పేటెంటు 1979 నాటిది. నట్ దగ్గరా, శాడిల్ దగ్గరా తీగను బిగించి పట్టడం వలన బార్‌ను ఎంత ఊపినా శ్రుతి తిరిగి చోటికి వస్తుంది. కానీ తేలే బ్రిడ్జి అంటే తీగల బిగువు ఒకవైపు, వెనుక స్ప్రింగుల లాగుడు మరోవైపు తూగుతున్న త్రాసు. ‘బి’ నుంచి ‘ఎ’కు ఒక్క తీగ దించితే మిగతా ఆరూ పైకి పోతాయి, మొత్తం మళ్లీ సర్దాలి. పాటపాటకూ శ్రుతి మార్చేవారికి ఇది తలనొప్పి. బార్ వాడతానో లేదో తెలియదు అనుకునేవారికి నా సమాధానం సూటిగా ఉంటుంది: వాడరు, వద్దు. నిజంగా వాడేవారు ఆ ప్రశ్న అడగరు. తీసుకుంటే మాత్రం బాడీ పైతలం మీద ఆనించి కిందికి మాత్రమే కదిలేలా పెట్టే పద్ధతినీ, గుంట తొలిచి రెండు వైపులా కదిలేలా పెట్టే పద్ధతినీ విడమరిచి అడిగి, ఏది కావాలో రాతపూర్వకంగా చెప్పండి.

ఎవర్‌ట్యూన్‌లో ప్రతి తీగ వెనుకా ఒక స్ప్రింగు విభాగం ఉంటుంది. తీగ సాగినా, సడలినా ఆ స్ప్రింగు కదిలి బిగువును ఒకేచోట నిలుపుతుంది. గట్టిగా కొట్టినప్పుడు క్షణం పాటు శ్రుతి పైకి ఎగరడం కూడా ఇందులో దాదాపు కనిపించదు, అందుకే స్టూడియోలో లావు తీగలను పొరలు పొరలుగా రికార్డు చేసేవారు దీన్ని ఇష్టపడతారు. బెండ్ చేయాలంటే ప్రతి తీగనూ అది లొంగే అంచు దగ్గరకు సర్దుకోవాలి, లేకపోతే వేలు ఎంత తోసినా స్వరం కదలదు. దీనికి తొలిచే గుంట లోతైనది, ఆకారం వేరు. ఒకసారి తొలిచాక అక్కడ మరో రకం బ్రిడ్జి పెట్టడం దాదాపు అసాధ్యం. కనుక వేరే గిటారు మీద కొన్నాళ్లు వాయించి చూసినవారే దీన్ని కోరుకోవాలి.

లోహమూ, పూతా గురించి ఒక మాట. ఇత్తడి శాడిల్‌కూ ఉక్కు శాడిల్‌కూ మధ్య నాద భేదం ఉందని అమ్మేవారు చెప్పేదానిలో సగం పక్కన పెట్టవచ్చు. చెమట సంగతి మాత్రం పక్కన పెట్టలేం. బంగారు పూత అరచేయి ఆనే చోట త్వరగా పోతుంది. నల్ల పూత అంచుల్లో తెల్లబడుతుంది. క్రోమ్ ఎక్కువ కాలం నిలుస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మొదట తుప్పు పట్టేది శాడిల్ ఎత్తు సర్దే చిన్న స్క్రూలు. అవి స్టెయిన్‌లెస్ ఉక్కువి కావాలని అడిగితే తేడా చాలా కొద్ది రూపాయలే.

ట్యూనర్లు, నట్

ట్యూనర్లలో తాళం వేసే రకం, గోటో, హిప్‌షాట్, స్పెర్జెల్ వంటివి, తీగ మార్చే పనిని తేలిక చేస్తాయి. గేరు నిష్పత్తి 18:1 అంటే ట్యూనర్ పిడిని పద్దెనిమిది సార్లు తిప్పితే తీగ చుట్టుకునే స్తంభం ఒక్కసారి తిరుగుతుంది; లావు తీగ మీద చిన్న సర్దుబాటు ఎక్కువ స్వరభేదం తెస్తుంది కనుక 14:1 కన్నా 18:1 నయం. నాలుగు మూడుగా విడగొట్టిన తలకట్టు అయితే ఎడమవీ కుడివీ ఎన్నెన్ని కావాలో లెక్క సరిచూడండి, ఈ పొరపాటు వల్ల వారాల తరబడి ఆగిపోయిన ఆర్డర్లు ఉన్నాయి. 0.070 అంగుళాలు దాటిన తీగ వాడేవారు స్తంభంలో రంధ్రం పట్టుతుందో లేదో తీగ ముక్కను పట్టుకెళ్లి చూపడం మంచిది. లావు తీగ కొసను కోసే ముందు కోయబోయే చోటికి కాస్త ఇవతల ఒకసారి లంబంగా వంచి, ఆ తరువాతే కత్తిరించండి. లేకపోతే లోపలి తీగ మీది చుట్టు వదులై, కొత్త తీగ కూడా మొద్దుగా మోగుతుంది.

నట్ ఎముకది కావచ్చు, గ్రాఫ్‌టెక్ వారి కృత్రిమ పదార్థం కావచ్చు, రెండూ మంచివే. గాడి వెడల్పు తీగ కన్నా ఒక వెంట్రుక వాసి ఎక్కువ ఉండాలి. ఇరుకైన గాడిలో తీగ ఇరుక్కుని, ట్యూనర్ తిప్పినప్పుడు చప్పుడుతో ఒక్కసారిగా దూకుతుంది. అందుకే మీరు వాడే తీగ సెట్టునే తయారీదారుకు పంపండి.

పికప్‌లు

ఇవి మార్చుకోగలవి కనుక క్లుప్తంగా చెబుతాను. ఒక్క ముందుజాగ్రత్త పికప్ ఆకారం గురించి. ఈ.ఎం.జి. 707 వంటి యాక్టివ్ (బ్యాటరీతో నడిచే) పికప్‌లు బాస్ పికప్‌లా పొడుగు మూసిన పెట్టెలో ఉంటాయి, పాసివ్ హంబకర్ల (రెండు చుట్టల పికప్‌ల) గుంట అంతకన్నా చిన్నది. ముందు చిన్న గుంట తొలిచి పెద్దదానికి పెంచుకోవచ్చు గాని, పెద్ద గుంటలో చిన్న పికప్ పెడితే చుట్టూ సందు కనిపిస్తుంది. కనుక తెలియనప్పుడు పాసివ్ ఆకారమే తొలిపించండి. ఫిష్‌మన్ ఫ్లూయెన్స్ వంటి యాక్టివ్‌లు కూడా ఆ ఆకారంలో దొరుకుతాయి. తీగల మధ్య దూరం మామూలు కన్నా వేరుగా ఉంటే విడి ధ్రువాలు ఉన్నవాటి బదులు పట్టీ అయస్కాంతపు పికప్ తీసుకోండి, ధ్రువం మీద తీగ కూర్చుందా అన్న దిగులు ఉండదు. పాసివ్‌కు 500 కిలో ఓమ్‌ల పాట్లు (శబ్దం, టోన్ సర్దే పొటెన్షియోమీటర్లు), ఈ.ఎం.జి. యాక్టివ్‌లకు 25 కిలో ఓమ్‌లవి. యాక్టివ్ అయితే 9 వోల్టుల బ్యాటరీ పెట్టెకు మూత స్క్రూలు లేకుండా తెరుచుకునేది కావాలని రాయండి.

ఆర్డరు రాయడం, అందుకోవడం

కొలతలన్నీ మి.మీ.లలో రాయండి. బ్రిడ్జి, ట్యూనర్లు, పికప్‌లు తయారీదారు చేతికి చేరాకే కోతలు మొదలుపెట్టాలని షరతు పెట్టండి. కాగితం మీది డ్రాయింగుకూ చేతిలోని వస్తువుకూ అర మి.మీ. తేడా ఉండటం అరుదు కాదు, గుంట వస్తువును బట్టి తొలవాలి. ఫ్రెట్ల కోతకు ముందు, బ్రిడ్జి రంధ్రాలకు ముందు ఫొటోలు అడగండి. విదేశం నుంచి తెప్పించుకుంటే ఫ్రెట్‌బోర్డు చెక్క శాస్త్రీయ నామం బిల్లు మీద ఉండాలి: మనవైపు జిట్రేగి అనే భారతీయ రోజ్‌వుడ్‌తో సహా డాల్బెర్జియా జాతి చెట్లన్నీ, అంతకన్నా కఠినమైన మొదటి అనుబంధంలో ఉన్న బ్రెజిల్ రోజ్‌వుడ్ మినహా, 2017 జనవరి నుంచి సైటీస్ (అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి. రెండో అనుబంధపు చెక్కతో తయారైన వాద్యాలకు 2019లో సడలింపు వచ్చినా, చెక్క పేరు స్పష్టంగా ఉన్న కాగితం కస్టమ్స్ దగ్గర ప్రశ్నలను తగ్గిస్తుంది.

గిటారు చేరాక పెట్టెను వెంటనే తెరవకుండా ఒక రాత్రి గదిలో ఉంచితే చెక్క ఆ గది వేడికి అలవాటు పడుతుంది. తరువాత శ్రుతి చేసి, ఏడో తీగను మొదటి ఫ్రెట్ మీదా, చివరి ఫ్రెట్ మీదా ఒకేసారి నొక్కి, ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర సందు చూడండి, 0.2, 0.3 మి.మీ. మధ్య ఉంటే నెక్ సరిగ్గా ఉన్నట్టు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు ఏడో తీగకు 2 మి.మీ., మొదటి తీగకు 1.5 మి.మీ. దగ్గర ఉండాలి. మొదటి ఫ్రెట్ మీద ఏడో తీగ నొక్కితే రావలసిన స్వరం కన్నా శ్రుతి పైకి పోతుంటే నట్ గాడి ఇంకా లోతు చేయవలసి ఉంది. పన్నెండో ఫ్రెట్ స్వరం, శాడిల్ వెనుక మిగిలిన చోటు, నెక్ ఇరువైపులా తీగ అంచుల దూరం కొలిచి, ఏదైనా తేడా ఉంటే కొలబద్ద పక్కన పెట్టి తీసిన ఫొటోతో సహా, వాయించడం మొదలుపెట్టక ముందే, అదే వారంలో తయారీదారుకు రాయండి.